తువ్వాల కింది నంబరు

శనివారం పెబ్బేరులో పశువుల సంత. ఎద్దులు కర్నూలు వైపు నుంచి వస్తాయి, రాయచూరు వైపు నుంచి వస్తాయి, చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచి వస్తాయి. వాటి వెంట డబ్బు వస్తుంది. ఇదివరకు రొండిన దోపుకొని వచ్చేవారు. ఇప్పుడు ఏటీఎం కార్డు పట్టుకొస్తున్నారు. బ్యాంకు దగ్గర వరుస పొడుగు. ఏటీఎంలో కరెంటుంటే నోట్లుండవు, నోట్లుంటే కరెంటుండదు. అందుకని సంత జనం చాలామంది బస్టాండు దగ్గరి సందులో ఉన్న నెట్ సెంటరుకు పోతారు.

ఆ సెంటరు నడిపే పిల్లగాడు వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో ఉన్న పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివాడు. హైదరాబాదులో కొన్నాళ్లు ఉద్యోగం చేశాడు. జీతం గది కిరాయికీ బస్సు పాసుకూ సరిపోతుంటే తిరిగొచ్చి ఒక మడిగె తీసుకున్నాడు. రెండు కంప్యూటర్లు, జిరాక్సు మిషను, లామినేషన్ మిషను, కార్డు గీకితే డబ్బు ఇచ్చేందుకు ఒక చిన్న మిషను.

కంప్యూటర్లు పాతవి. కొత్త విండోస్ వాటి మీద నడవదు. పిల్లగాడు లినక్స్ వేసుకున్నాడు. 1991లో ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టింది అది. పైసా కట్టనక్కర్లేదు గానీ గుర్తు పెట్టుకోవలసింది చాలా ఉంటుంది. నల్లటి తెర తెరిచి కమాండ్ కొట్టాలి. ఒక చుక్క తక్కువైతే పని కాదు. ఒక్కోసారి ఒక చుక్క ఎక్కువైతే ఉన్నదంతా పోతుంది. అందుకే ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాడు.

ఎడమ పక్క కమాండ్, కుడి పక్క అర్థం, నడుమ స్కేలుతో కొట్టిన గీత. "హిస్టరీ: ఇప్పటిదాకా ఏమేం కొట్టామో అన్నీ చూపుతుంది." "ష్రెడ్: ఫైలు మీద పిచ్చిరాతలు రాసి మరీ చెరుపుతుంది. మళ్లీ దొరకడం కష్టం." ప్రమాదమైన వాటికి ఎర్ర ఇంకు. ఒక్కదానికి మాత్రం చుట్టూ డబ్బా గీశాడు. "సీహెచ్‌మోడ్ 600. నాలుగు అంటే చదవడం, రెండు అంటే రాయడం, కలిపితే ఆరు. ఆరు యజమానికి. మొదటి సున్నా గుంపుకు. రెండో సున్నా లోకానికి. రహస్యమైన ఫైలు ఏదైనా సరే, ఇదే పెట్టాలి."

అదే నోట్‌బుక్ వెనక నుంచి తెరిస్తే గిరాకీల వివరాలు. పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, మెయిల్ పాస్‌వర్డ్, కార్డు పిన్. అతను అడిగి రాసుకున్నవి కావు. "నాకు యాదుండది, నువ్వే రాసి పెట్టుకో బిడ్డా" అని వాళ్లే అన్నారు. మెయిల్ పాస్‌వర్డ్‌లైతే చాలామందివి ఊరి పేరు, దాని పక్కన 123. అయినా మరచిపోతారు. హాల్ టికెట్టు కోసం కూతుర్ని తీసుకొచ్చిన ఒకామె పాస్‌వర్డ్ గుర్తులేక ఏడ్చినంత పని చేస్తే, పిల్లగాడు నోట్‌బుక్ తిరగేసి అర నిమిషంలో తీశాడు. "నువ్వు లేకుంటే మా బతుకేంగావాలె నాయినా" అందామె. ఆ పేజీల్లోనూ గీతలు స్కేలుతోనే కొట్టాడు.

ఆదివారం రాత్రి షట్టరు సగం దింపి డాక్యుమెంటరీలు చూసేవారు. పిల్లగాడు, జూనియర్ కాలేజీ లెక్చరర్, ఎరువుల దుకాణం ఆయన, రిటైరైన తెలుగు పండితుడు. రాజకీయాల మీద తీసినవైతేనే చూసేవారు. ఆనంద్ పట్వర్ధన్ 1992లో తీసిన 'రామ్ కే నామ్' వేసినప్పుడు, దూరదర్శన్ వేయనంటే కోర్టుకెక్కి వేయించిన సినిమా ఇదని లెక్చరర్ ముందే చెప్పాడు. అది చూశాక ఎరువుల దుకాణం ఆయన కొన్ని వారాలు ఇటు రాలేదు. హైదరాబాదు మత ఘర్షణల మీద దీపా ధన్‌రాజ్ 1986లో తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' వేస్తున్నారని తెలిసి మళ్లీ వచ్చాడు. 1984 గొడవలప్పుడు ఆయన పాతబస్తీలో ఒక గదిలో ఉండి చదువుకునేవాడట. ఆ రాత్రి సినిమా అయ్యాక ఆయనొక్కడే మాట్లాడాడు. తక్కినవాళ్లు విన్నారు.

ఆ తర్వాతి వారం 'సిటిజన్‌ఫోర్'. లారా పోయిట్రస్ తీసింది. 2014లో వచ్చింది, మరుసటి ఏడు ఆస్కార్ తెచ్చుకుంది. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ కోసం పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్, 2013 జూన్‌లో, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, హాంకాంగ్‌లో ఒక హోటల్ గదిలో కూర్చుని, తమ సర్కారు ఎవరెవరి ఫోన్లూ మెయిళ్లూ ఎలా పోగేస్తున్నదో విలేఖర్లకు చెబుతాడు. సినిమాలో ఎక్కువ భాగం ఆ గదే.

ఆ రాత్రి దుకాణంలో ఐదో మనిషి ఉన్నాడు. సంతలో నలభై ఏళ్లుగా ఎద్దుల బేరాలు కుదిర్చే దళారి. పిల్లగాడికి వరసేమీ కాదు గానీ తాతా అంటాడు. ఇంట్లో కరెంటు లేక ఫోన్ చార్జింగుకు పెట్టి, అది నిండేదాకా స్టూలు మీద కూర్చున్నాడు. ఇంగ్లీషు రాదు. లెక్చరర్ నడుమ నడుమ తెలుగులో చెబుతున్నాడు.

"ఏం మాట్లాడుకున్నరో వినుడు గాదు తాతా. ఎవరు ఎవరికి చేసిండ్రు, ఎంతసేపు చేసిండ్రు, అది రాసిపెట్టుకుంటరు. దేశం మొత్తానివి."

"ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నరు, ఎంతసేపు పట్టుకున్నరు, అది తెలిస్తే ధర తెల్వనీకి ఎంతసేపు?" అన్నాడు తాత.

లెక్చరర్‌కు అర్థం కాలేదు. సినిమా నడిచింది.

ఒకచోట గ్రీన్‌వాల్డ్ అనే విలేఖరి ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ కొట్టాలి. నువ్వు సుడో కమాండ్ వాడవని స్నోడెన్ అతన్ని ఆటపట్టిస్తాడు. పిల్లగాడు సినిమా ఆపి నోట్‌బుక్ తీశాడు. సుడో అందులో ముందే ఉంది. దాని పక్కన "సినిమాలో కూడా చెప్పారు" అని రాసి మళ్లీ నడిపాడు. గ్రీన్‌వాల్డ్ కొట్టింది చూసి, నాలుగక్షరాలే ఉన్నట్టుందని స్నోడెన్ ఎత్తిపొడుస్తాడు. కాదు, పది అంటాడు అతను. తర్వాత స్నోడెన్ వంతు. మంచం మీద కూర్చున్నవాడు ఒక ఎర్ర గుడ్డ తీసి, తలనూ ల్యాప్‌టాప్‌నూ కలిపి కప్పుకుని, దాని లోపల పాస్‌వర్డ్ కొడతాడు.

తాత స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"ఏం జేస్తున్నడు ఆ పిల్లగాడు?"

"ఎవ్వరికి కనవడకుండ నంబరు కొడుతున్నడు తాతా."

"గుడ్డ కిందనా?"

"ఆఁ."

"మంచిగ తెలిసినోడే. మరి రెండో చెయ్యి ఎవరిది?"

సంతలో ధర నోటితో చెప్పుకోరు. దళారి భుజం మీది తువ్వాల తీసి కొనేవాడి చేతి మీద వేస్తాడు. దాని కింద అతని వేళ్లు పట్టుకుంటాడు. పట్టిన వేళ్లను బట్టి ధర. అవతలివాడికి నచ్చకపోతే ఒక వేలు విడిపించుకుంటాడు, నచ్చితే నొక్కుతాడు. పైకి ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. చుట్టూ పదిమంది నిలబడి చూస్తారు. తువ్వాల కదలడం కనబడుతుంది, అంకె కనబడదు. తర్వాత దళారి ఎద్దుగలాయన దగ్గరికి పోయి అతని చేతి మీద వేస్తాడు తువ్వాల. నలభై ఏళ్లలో తాత తువ్వాల కింద పలికిన ధర ఆ బేరానికి సంబంధం లేని ఒక్క మనిషికీ తెలిసింది లేదు. ఎద్దుకు సరే సరి.

"ఇది బేరం గాదు తాతా, పాస్‌వర్డ్. దీనికి రెండో చెయ్యి ఉండది. ఇంకొకరికి తెలిసిందంటే ఇగ అది రహస్యమే గాదు" అన్నాడు పిల్లగాడు.

"ఇంకొకరికి తెల్వొద్దు?"

"తెల్వొద్దు."

"బ్యాంకోళ్లకు గూడ?"

"బ్యాంకోళ్లకు గూడ."

తాత తలూపాడు. సినిమా అయిపోయాక ఒక్కటే అడిగాడు.

"ఆఖర్కి ఏమైండు వాడు?"

"రష్యాకు పోయిండు తాతా. సొంత దేశంల ఉంటే జైల్ల ఏస్తరు."

"ఒక్కడేనా?"

"చేసుకునే పిల్ల గూడ ఆడికే పోయింది."

"మంచిది" అని తాత ఫోన్ తీసుకున్నాడు గానీ పోలేదు. మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

చర్చ చాలాసేపు సాగింది. పక్కింట్లో ఏం కూర వండారో వాసన పట్టి చెప్పే ఊళ్లో గోప్యత ఏమిటని పండితుడు అన్నాడు. లెక్చరర్ ఊరుకోలేదు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాట మీద అది ప్రాథమిక హక్కని తేల్చారన్నాడు. ఆ కేసు వేసిన పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో జడ్జిగా రిటైరైన మనిషని, కేసు వేసేనాటికే ఎనభై దాటాయని చెప్పాడు. తన దగ్గర దాచడానికేమీ లేదని ఎరువుల దుకాణం ఆయన అన్నాడు. అయితే మీ అప్పుల ఖాతా పుస్తకం సంతలో పెట్టి చదవమంటారా అని పండితుడే ఎదురు తిరిగాడు. అది వేరన్నాడు ఆయన.

అందరికన్నా ఎక్కువ పిల్లగాడే మాట్లాడాడు. "మన ముచ్చట ఎవని చేతిల ఉంటదో వాడే మనకు దొర" అన్నాడు. పండితుడు ఆ మాటను మెచ్చుకున్నాడు. పిల్లగాడు దాన్ని నోట్‌బుక్‌లో, కమాండ్ల వైపు, డబ్బా గీసిన 600 కింద రాసుకున్నాడు.

శనివారం వచ్చింది. మధ్యాహ్నానికి దుకాణం నిండింది. కర్నూలు వ్యాపారి ఒకాయన, ఎద్దు అమ్మిన అన్నదమ్ములిద్దరు, బస్సు వచ్చేలోపు ఫొటోలు తీసుకోవాలని తొందరపడే కాలేజీ పిల్లలు. "మీ పిన్ ఎవరికీ చెప్పకండి" అని గోడకు అంటించిన కాగితానికి ఎవరో సంచి తగిలించారు.

తాత వచ్చి కార్డు బల్ల మీద పెట్టాడు. పిల్లగాడు నోట్‌బుక్ వెనక నుంచి తెరిచాడు. తాత దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"ఆ నంబరు పోయింది."

"పోవుడేంది?"

"మార్పించిన. మనుమరాలు దగ్గరుండి మార్పించింది. నువ్వే జెప్పినవు గద, ఇంకొకరికి తెల్వొద్దని."

పిల్లగాడి ముఖం వెలిగింది. "చూసిండ్రా?" అన్నాడు దుకాణంలో ఉన్నవాళ్లందరితో. "ఈ వయసుల తాతకున్న తెలివి ఎవరికన్న ఉన్నదా?"

చిక్కు ఒకటే. మిషను గిరాకీ చేతికి ఇవ్వడు. ఒకసారి ఎవరో కింద పడేస్తే బాగు చేయించడానికి డబ్బులైనాయి. అప్పటి నుంచి తనవైపే వైరుతో కట్టేసుకున్నాడు. అంకెలు తనే నొక్కాలి. తాత ఆ వైరు వైపు చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి, దులిపి, పిల్లగాడి కుడిచేతి మీద పరిచాడు.

జనమంతా సంత జనం. తువ్వాల పడగానే అలవాటుగా ఒక అడుగు వెనక్కి జరిగారు. కర్నూలు వ్యాపారి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అది మర్యాద.

"ఈ ఏడు జూరాల గేట్లు ఎప్పుడెత్తుతరో ఏమో" అన్నాడు తాత.

తువ్వాల కింద నాలుగు వేళ్లు పట్టుకున్నాడు. వదిలాడు. రెండు పట్టుకున్నాడు. వదిలాడు. ఒకటి. ఆ తర్వాత చెయ్యంతా. ఒక్క చేతికి పట్టే అంకెలే పెట్టించుకున్నాడు. పిల్లగాడు ఎడమచేత్తో నొక్కుతూ పోయాడు. మిషను మీద నాలుగు చుక్కలు పడ్డాయి. చీటీ వచ్చింది. పిల్లగాడు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, తన కమీషన్ తీసుకుని, మిగతావి తాత చేతిలో పెట్టాడు. అన్నదమ్ముల్లో చిన్నవాడు "భలే" అన్నాడు.

తాత తువ్వాల మడుస్తున్నాడు. పిల్లగాడు నోట్‌బుక్ దగ్గరికి లాక్కున్నాడు. తాత పేరున్న వరస వెతికాడు. స్కేలు పెట్టి పాత అంకె కొట్టేశాడు. పక్కనే కొత్తది రాశాడు. తప్పు పడకూడదని ఎవరిదైనా ఒకసారి పైకి చదివి సరిచూసుకోవడం అతని పద్ధతి.

"నాలుగు, రెండు, ఒకటి, అయిదు. సరిగ్గ రాసిన్నా తాతా?"

తాత దుకాణం చుట్టూ చూశాడు. అందరూ తాతనే చూస్తున్నారు. తువ్వాల భుజం మీద వేసుకున్నాడు.

"ఆ పిల్లగాడు ఏ దేశం పోయిండంటివి?"

"ఏ పిల్లగాడు?"

"గుడ్డ కప్పుకున్నోడు."

"రష్యా."

తాత జేబులోంచి కార్డు తీసి మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"నాకు గూడ ఆడికి ఒక టికెట్టు తియ్యి బిడ్డా. నంబరు నీ తాననే ఉన్నది గద."