ఆర్కిడ్ వద్దు, అరటిపువ్వు ముద్దు

పెద్ద హోటల్లో పనీర్ కూర మీద ఊదారంగు ఆర్కిడ్ ఒకటి దర్జాగా కూర్చుని వచ్చింది. పెద్దాయన దాన్ని స్పూను కొసతో పళ్లెం అంచుకు నెట్టేశారు. "జడలో పెట్టుకోవాల్సింది కూరలో పెట్టారేమిటే?" అని ఇల్లాలిని అడిగారు. పూలు తినే వంశం కాదట వాళ్లది.

ఆ మాట అంటూనే గోబీ మంచూరియా మీద చెయ్యి వేశారు. గోబీపువ్వంటే విచ్చుకోకముందే ఆగిపోయిన పూగుత్తి. బిర్యానీలో పంటికింద పడ్డ లవంగం ఎండబెట్టిన మొగ్గ. అన్నానికి రంగు పులిమిన కుంకుమపువ్వు సంగతి సరేసరి. ఒక్కో పువ్వుకు దక్కేవి మూడే రేకలు. గ్రాము పోగవ్వాలంటే సుమారు 150 పూలు కావాలి. ఇన్ని పూలు ఆరగించినాయనకు ఒక్క ఆర్కిడ్ దగ్గరే ఆచారం గుర్తొచ్చింది.

ఆయన్ని తప్పుపట్టలేం. తెలుగింట పువ్వు పువ్వులా కనిపిస్తే దేవుడికో జడకో పోతుంది. ఆనవాలు చెరిగాకే నోటిదాకా వస్తుంది. వేపపువ్వు ఉగాది పచ్చడిలో బెల్లం, మామిడిముక్కల మధ్య తలదాచుకుంటుంది. ఎండబెట్టి దాచుకున్నది నేతిలో వేగి చారులో తేలుతుంది. ఆదిలాబాద్ వైపు ఆదివాసీ మహిళల చేతుల్లో ఇప్పపువ్వు లడ్డూ అయిపోతుంది.

అరటిపువ్వు తినేవాళ్లకు కూర, వొలిచేవాళ్లకు వ్రతం. ముందు చేతులకు నూనె రాసుకోవాలి, లేకపోతే ఆ జిగురు మరకలు ఒక పట్టాన వదలవు. దొప్ప తర్వాత దొప్ప విప్పి, ప్రతి చిన్న పువ్వులోంచీ ఉడకని గట్టి కాడనూ, పక్కనే ఉన్న పల్చటి పొరనూ లాగి పారేయాలి. తరిగిన వెంటనే మజ్జిగ నీళ్లలో వేయాలి, లేదంటే నల్లబడుతుంది. "ఆవపెట్టిన అరటిపువ్వు కూర తిని ఎన్నాళ్లయిందే!" అని నిట్టూర్చే పెద్దాయన, మార్కెట్ నుంచి పువ్వు తెచ్చి గట్టు మీద పెట్టిన మరుక్షణం పేపర్ చాటుకు వెళ్లిపోతారు.

మనవరాలు ఫోన్లో వీడియోలు చూసి, పెరట్లో గన్నేరు కోసి కేకు మీద పెట్టబోతే మాత్రం ఆయన పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది. గన్నేరు వేరు నుంచి పువ్వు దాకా విషమే, గుండె లయను తప్పిస్తుంది. పూలకొట్టు గులాబీలూ వద్దన్నారు; తినడానికి పెంచినవి కావు, ఏ పురుగుమందు కొట్టారో!

కేకు సంగతి వదిలేసి, బజ్జీలకు పూలు కోద్దామంటూ ఆ పిల్లను గుమ్మడిపాదు దగ్గరికి తీసుకెళ్లారు. అడుగున బుల్లి పిందె ఉంటే ఆడపువ్వు, ముట్టుకోకు. సన్నటి కాడ మీద నిలబడ్డది మగపువ్వు, కొయ్యి. కానీ అన్నీ కోసేస్తే పుప్పొడి అందక పిందెలు రాలిపోతాయి, కొన్ని ఉంచు.

"బజ్జీలకి మగపువ్వులే ఎందుకు తాతయ్యా?" అంది పిల్ల.

"అవి ఊరికే పూసి పోతాయమ్మా, కాసే పని ఎటూ ఆడపువ్వులదే" అంది వంటింటి కిటికీలోంచి ఇల్లాలు.

పెద్దాయన మారుమాట్లాడకుండా లోపలికెళ్లి శనగపిండి డబ్బా అందుకున్నారు.