డాబా మీది స్వరాజ్యం

సూరత్‌ లింబాయత్‌లో మా ఇంటి ఆసామి ఈమధ్య కరెంటు మాటెత్తితే చాలు, మీసం దువ్వుతున్నాడు. సిరిసిల్ల నుంచి వచ్చి, సాంచెలు (మరమగ్గాలు) నడిపి, ఇల్లు కట్టి, చివరికి డాబా మీద మూడు కిలోవాట్ల సోలారు ఎక్కించాడు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ కూడా అందింది. "ఇగ నాకెవ్వని కరెంటూ అక్కర్లే తమ్మీ, నేనే ఆళ్లకు అమ్ముతున్న" అంటాడు.

అమ్ముతున్న మాట నిజమే. పగలు పుట్టిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి ఏసీకి ఆ లైనే దిక్కు. ఇచ్చిపుచ్చుకోగా మిగిలితే యూనిట్‌కు 2 రూపాయల 25 పైసలు. మనింటి బియ్యం పక్కింట్లో పోసి, రాత్రికి చేట పట్టుకెళ్లడానికి పేరు స్వయంసమృద్ధి!

మొన్న ఉత్తరాయణం పండక్కి గాలిపటాల మాంజా కరెంటు తీగలకు చుట్టుకుని వీధంతా కరెంటు పోయింది. మిట్టమధ్యాహ్నం. పైన ప్యానెళ్లు తళతళలాడుతుంటే, కింద గారెల పప్పు సగం నలిగి మిక్సీ ఆగింది. వదిన జారు మూత తీసి చూసి, "మనం అమ్మినోళ్ల దగ్గర కొంచెం బదులు తేరాదయ్యా" అంది.

లైను చచ్చిపోతే ఇలాంటి సోలారు కూడా ఆగాల్సిందే. లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. రూలులో తప్పేం లేదు. బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టరు ఉంటే గారెలు గట్టెక్కేవి. కానీ సర్కారు సబ్సిడీ ప్యానెళ్లకే, బ్యాటరీకి లేదు. సూర్యదేవాలయమున్న మొధేరాకు మాత్రం 2022లో 15 మెగావాట్ అవర్ల బ్యాటరీ సర్కారే పెట్టించింది. సూరత్‌లో సూర్యుడికి గుడి కట్టించుకోవాలన్న ముందుచూపు మనవాళ్లకు లేకపోయె!

పోనీ బ్యాటరీ సొంత డబ్బుతో కొందామంటే, ప్యానెళ్లు సూరత్‌లోనే తయారవుతాయి గానీ, లిథియం సెల్లు ఎక్కువగా చైనా నుంచే రావాలి. ఆత్మనిర్భరత ఓడెక్కి వస్తుందన్నమాట. ధర విన్న ఆసామి, "ఏడాదికోసారి పోయే కరెంటుకు గంతనా?" అని లేచొచ్చాడు. సూరత్‌లో కరెంటు తరచూ పోదు కాబట్టి లెక్క ఆయనదే రైటు.

అసలు లెక్క కింది గదుల్లో ఉంది. పథకానికి సొంత కప్పు కావాలి. సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడే కిరాయిదార్లకు అదెక్కడిది? నెల తిరగ్గానే ఆసామి సబ్‌మీటర్లు చూసి, పాత రేటుకే వసూలు చేసుకున్నాడు. "నీ బిల్లు సున్నా కదన్నా" అన్నాను.

"సూర్యుడు ఫ్రీనే తమ్మీ, డాబా నాది" అన్నాడు.