నిమ్మరసానికి లొంగని కోటినిన్

టర్మ్ పాలసీ, అంటే గడువులోగా మనిషి పోతేనే వారసుల చేతికి సొమ్ము వచ్చే బీమా, పొగరాయుళ్లకు ఎక్కువ ప్రీమియం మీద గానీ దొరకదు కాబట్టి, వైద్యపరీక్ష తేదీ ఖరారు కాగానే వారిలో ఒక అకాల కార్తీకమాసం ప్రవేశిస్తుంది. పొద్దున్నే సిగరెట్టు వెలిగించనిదే పెరటి దారి పట్టని గృహస్థు సైతం రెండు రోజుల ముందు నుంచి నిమ్మరసం, మజ్జిగ, కొబ్బరినీళ్లు వంతులవారీగా పుచ్చుకుంటూ, పళ్లు అరిగేలా తోముకుని, శాంపిల్ కోసం వచ్చే కుర్రవాడి ముందు యాలకులు నములుతూ కూర్చుంటాడు.

ఈ దీక్షలో లోపమల్లా, అది తరిమేది నికోటిన్‌ను కాగా పరీక్ష వెతికేది కోటినిన్‌ను కావడమే. 1560 ప్రాంతంలో పొగాకును ఫ్రాన్సు రాజాస్థానానికి పంపిన రాయబారి జా నికో పేరు మోస్తున్న నికోటిన్, రక్తంలో సుమారు 2 గంటలకే సగమైపోతుంది. అయితే కాలేయం దాన్ని ఊరికే సాగనంపక చాలావరకు కోటినిన్‌గా మారుస్తుంది, అది సగం కావడానికి 16 నుంచి 20 గంటలు పడుతుంది. (ఇంగ్లిషులో రెండు పేర్లకూ అవే అక్షరాలు, వరుస మాత్రమే వేరు, ఇంతకన్నా నిజాయితీగల మారుపేరు ఉండదు.) మానేశాక 3, 4 రోజులు, బాగా అలవాటుపడినవారిలో వారం పైబడి కూడా అది మూత్రంలో కనిపిస్తుంది.

మూత్రంలో పులుపు గుణం పెరిగితే నికోటిన్ త్వరగా బయటపడుతుందన్నది శాస్త్రం ఒప్పుకున్న మాటే గానీ, కోటినిన్ నిమ్మకాయను అంతగా ఖాతరు చేయదు. బిందెడు నీళ్లు తాగినా, కండరాల నుంచి వచ్చే క్రియాటినిన్ అనే వ్యర్థం కూడా పల్చబడి గుట్టు బయటపెడుతుంది కాబట్టి, ల్యాబ్ వారు మరో శాంపిల్ అడగవచ్చు. తమది పొగ కాదు, జర్దా కిళ్లీయే కదా అన్న వాదమూ ఇక్కడ చెల్లదు: ఉత్తరాంధ్ర తీరాన చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే అవ్వకూ, బుగ్గన జర్దా పెట్టిన పెద్దమనిషికీ, పాపం మానేద్దామని నికోటిన్ గమ్ నమిలేవాడికీ మూత్రంలో తేలేది అదే కోటినిన్.

పోనీ, గండం గడిచిందే అనుకుందాం. శాంపిల్ చెప్పేది వారం పది రోజుల కథ కాగా, దరఖాస్తులో సాధారణంగా అడిగేది గడిచిన 12 నెలల సంగతి. 1938 నాటి బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం, పాలసీ మొదలైన 3 సంవత్సరాలలోగా దాచిన సంగతి బయటపడితే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. అప్పటికి మనిషి పోయి ఉంటే, జవాబు చెప్పుకోవలసింది నిమ్మరసం తాగినవాడు కాదు, అతని భార్య.