తేరగా వచ్చిన గాలి

తెలియక చేసిన తప్పయితే ఇంత సిగ్గుపడేవాణ్ని కాదు. కంప్రెషన్ రేషియో గురించి నాకు బాగానే తెలుసు. డిప్లొమా చదివినవాణ్ని. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు సిలిండర్లో ఉండే చోటుని, పైకొచ్చాక మిగిలే చోటుతో భాగిస్తే వచ్చే అంకె అది. మా పాత ట్రాక్టరుకి 18. ఊళ్లో ఎవరడిగినా, అడక్కపోయినా, బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ని.

ఆ ఏడాది సార్వా దమ్ములకి కేజ్ వీల్స్ కట్టి దింపితే బురదలో బండి మూలగడం మొదలెట్టింది. కొత్తది కొనే స్తోమత లేదు. పాత లారీ సామాన్లు అమ్మేచోట ఒక టర్బో కంటపడింది. బయటికి పోయే పొగతోనే చక్రం తిప్పి, ఆ చక్రంతో గాలిని లోపలికి తోసే ఈ ఉపాయానికి ఆల్ఫ్రెడ్ బ్యూకీ అనే స్విస్ ఇంజనీరు 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. వృథాగా పోయే పొగ, తేరగా వచ్చే గాలి! బేరమాడి తెచ్చేశాను.

మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ ఇంజను హెడ్డు దీనికోసం చేసింది కాదండి బాబూ" అన్నాడు. నేను ఊరుకుంటానా? రేషియో అనేది ఇనుములో ఉందిగానీ గాలిలో లేదు మేస్త్రిగారూ, ఎంత గాలి తోసినా 18 పద్దెనిమిదే అన్నాను. పైగా పెట్రోలింజనుకైతే భయం. అందులో గాలీ పెట్రోలూ కలిసే నలుగుతాయి, వేడెక్కితే ప్లగ్గు మండించకుండానే అంటుకుని టకటకా కొడతాయి. డీజిలింజన్లో నలిగేది ఒట్టి గాలే కదా, డీజిలు చివర్లో గానీ పడదు కదా అని కూడా చెప్పాను. ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే ఆయన దగ్గర జవాబు లేకపోయింది. పంపు కూడా పెంచమన్నాను. గాలి పెరిగాక డీజిలు పెంచకపోతే బలం ఎక్కణ్నుంచి వస్తుంది?

నేను వెయ్యని లెక్క ఒకటుంది. 18 రేషియోలో మామూలు గాలి నలిగితే, డీజిలు ఇంకా మండకముందే, ఒత్తిడి 50 బార్ల దరిదాపులకి వస్తుంది. టర్బో 0.7 బారు అదనంగా తోసిందంటే మొదలే 1.7 రెట్లు, చివరా అంతే, 85. పిస్టన్ వెడల్పు 100 మిల్లీమీటర్లనుకుంటే, 75 కిలోల ధాన్యం బస్తాలు యాభై పైచిలుకు మోసే హెడ్డు మీద తొంభై దాకా పేర్చినట్టు. మంట రేగాక పడే బరువు దీనికి అదనం. అంకె మారలేదు నిజమే, బోల్టులకి ఆ సంగతి ఎవరు చెబుతారు? టర్బోలో నలిగిన గాలి వంద డిగ్రీలు దాటి బయటికొస్తుంది, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెట్టలేదు. పిస్టన్ కిందనుంచి ఆయిల్ చిమ్మే ఏర్పాటు ఆ ఇంజన్లో అసలే లేదు.

టర్బో బిగించిన మొదట్లో బండి ఎగిరి దూకింది. గట్టు మీద నిలబడి నేను పడ్డ గర్వం ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు చచ్చిపోతుంది. ఓ మిట్టమధ్యాహ్నం మడి నడిమధ్యలో తెల్లపొగ కక్కి ఆగింది. రేడియేటర్లో బుడగలు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ తెల్లగా నురగ కట్టి ఉంది. హెడ్డు విప్పితే గ్యాస్కెట్ రెండు సిలిండర్ల మధ్య నల్లగా కాలి తెగిపోయింది.

గోదావరి వంతెన మీద నల్లపొగ కక్కుతూ గూడ్సులు లాగిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు మా చిన్నతనంలో ఎన్ని చూడలేదు? టర్బోతో 2600 హార్స్‌పవర్. వాటి రేషియో 12.5. గాలి ఎక్కువ తోస్తాం కదా అని చోటు ముందే వదిలిపెట్టారు. 1973లో బీఎండబ్ల్యూ తన '2002' మోడల్ కారుకి టర్బో పెట్టినప్పుడు రేషియోని 6.9కి దించింది. నాలాంటివాళ్లు అమెరికాలోనూ ఉన్నారు లెండి. 1962 ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌కి టర్బో పెట్టి కూడా 10.25 ఉంచేశారు, ఇంజను టకటకలాడకుండా నీళ్లూ మిథనాలూ కలిపి చిమ్మే డబ్బా ఒకటి తగిలించారు. కొన్నవాళ్లలో చాలామంది ఆ డబ్బా నింపడం మరిచిపోయేవారట. నాకు డబ్బా కూడా లేదు.

ఇంత జరిగాక బుద్ధి రావాలి కదా. హెడ్డు బల్ల మీదుండగానే కొత్త ఉపాయం తట్టింది. 1.2 మిల్లీమీటర్ల గ్యాస్కెట్ ఇంకొకటి అదనంగా వేస్తే పైన చోటు పెరుగుతుంది, 18 కాస్తా 15కి దిగుతుంది. కాగితం తీశాను. మేస్త్రి బొమ్మ అంతా ఓపిగ్గా చూసి, "రెండేస్తే లీకవడానికి రెండు దారులండి. ఆపైన దాళ్వా రోజుల్లో తెల్లారగట్ల స్టార్టవ్వాలంటే ఆ నలుగుడు వేడే కదండీ దిక్కు, అదీ తగ్గిస్తే మీరే తొయ్యాలండి" అన్నాడు. హెడ్డు ఫేసింగ్ చేయించి, పంపు పాత సెట్టింగుకి తెచ్చి, బిల్లు చేతిలో పెట్టాడు. టర్బోని గోనెసంచిలో చుట్టి అదీ నాకే ఇచ్చాడు.

"ఇది మీ ఇంట్లోనే ఉంచుకోండి. ఇక్కడుంటే ఇంకో డిప్లొమా ఆయన కంటపడుద్దండి."