సీసా వెచ్చగా ఉందా?

ఈ కాలం ల్యాబ్ కుర్రాళ్ళకి ఒక అలవాటుంది. పేషెంటు మొహం చూడకముందే నర్సుల బల్ల దగ్గర నిలబడి ట్యూబులన్నిటికీ బార్‌కోడ్ స్టిక్కర్లు అంటించేసుకుంటారు. తర్వాత ట్రే పట్టుకుని వార్డులోకొచ్చి, "యాదగిరి మీరేనా?" అంటారు. మంచం మీదున్నాయన తలూపుతాడు. సూది దిగిపోతుంది.

డీ-అడిక్షన్ వార్డులో ఆ తలూపుడికి పైసా విలువ లేదు బాబూ. మందు మానేసిన రెండో రోజో మూడో రోజో కొందరు ఈ లోకంలో ఉండరు. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, అక్కడ లేని మేనమామతో పొలం తగాదా పడతారు. అలాంటి మనిషిని "నువ్వు కలెక్టరువేనా?" అన్నా ఔననే అంటాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ టెక్నీషియన్ గారు ఒకటే చెప్పారు. పేరు నువ్వు చెప్పకూడదు, అతనిచేత చెప్పించాలి. చెప్పలేకపోతే పక్కనున్న ఇల్లాలిచేత చెప్పించాలి. తండ్రి పేరు, ఊరు కూడా. ఒకే వార్డులో ఇద్దరు యాదగిరులు, ముగ్గురు మల్లేశులు ఉండే జిల్లా మాది మరి. రక్తం తీశాక, మంచం పక్కనే నిలబడి, పెన్సిలిన్ సీసాకి ప్లాస్టర్ ముక్క అంటించి పేరు, మంచం నంబరు, టైము రాసేవాళ్ళం. ఇప్పుడు క్వాలిటీ మాన్యువల్స్‌లోనూ ఇదే ఉంది: రెండు గుర్తింపులు, శాంపిల్ తీశాకే లేబుల్, అదీ పేషెంటు ముందే. గోడకి ఫ్రేము కట్టి మరీ పెట్టారు. దాని కింద నిలబడే స్టిక్కర్లు ముందే అంటిస్తున్నారు.

అలాగని మా రోజుల్లో అంతా బంగారమేనని అనను. గాజు సిరంజీలు ఉడకబెట్టి, అరిగిన సూదుల్ని సానరాయి మీద రుద్ది మళ్ళీ వాడిన రోజులవి. ఆ సూదులతో ఎవరి కామెర్లు ఎవరికి అంటాయో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వాడి పారేసే సూది వచ్చింది, మూతరంగు చూసి గుర్తుపట్టే వాక్యూమ్ ట్యూబులు వచ్చాయి, సూదులకి తెల్ల డబ్బా వచ్చింది. ఇవన్నీ మంచికే. నా ఏడుపు సూది గురించి కాదు, సూది పట్టుకున్న చేతికి తొందరెక్కువైందని.

తాగుడు మాన్పించడానికి తెచ్చిన మనిషి చెయ్యి వణుకుతుంది. నీళ్ళు తాగక, అన్నం తినక నరాలు లోపలికి పోయి ఉంటాయి. మేమైతే తడి తువ్వాలు వేడి చేసి మోచేతి మీద కాసేపు వేసేవాళ్ళం. చేతి కింద దిండు పెట్టి, వాళ్ళావిడని మణికట్టు పట్టుకోమనేవాళ్ళం. ఇప్పుడు రబ్బరు పట్టీ బిగించి, "పిడికిలి బిగించన్నా, ఇంకా గట్టిగా" అంటారు. రెండు మూడు చోట్ల పొడిచి, వచ్చిన నాలుగు చుక్కల్నీ బలవంతంగా పీలుస్తారు. రక్తకణాలు పగిలిపోతాయి, లోపలి పొటాషియం బయటికొస్తుంది. రోజుల తరబడి తిండి లేకుండా తాగి, వాంతులు చేసుకున్నవాడికి అసలు పొటాషియం, మెగ్నీషియం పడిపోయి ఉంటాయి. గుండెకి అక్కడే ముప్పు. కానీ ఆ పగిలిన శాంపిల్ పుణ్యమా అని రిపోర్టులో పొటాషియం "నార్మల్" అని వస్తుంది. సీరం ఎర్రగా కనిపిస్తే మేము సీసా వెనక్కి పంపి, రిజిస్టరులో ఎర్ర సిరాతో "హీమోలైజ్డ్, మళ్ళీ తీయాలి" అని రాసేవాళ్ళం. డాక్టరు గారు తిట్టినా సరే.

సెలైన్ సంగతి ఇంకా విచిత్రం. గ్లూకోజ్ బాటిల్ ఎక్కుతున్న చేతినుంచే రక్తం తీసి షుగర్ నాలుగొందలు దాటిందని హడావుడి చేయడం నా కళ్ళారా చూశాను. ఆ రెండో చెయ్యి ఏం పాపం చేసింది? పైగా తాగుబోతు పేషెంటుకి గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ పడాలని డాక్టర్లకి చదువులోనే చెబుతారు. అలాంటిచోట మొదటి షుగర్ అంకె సరిగా ఉండాలా వద్దా? రక్తంలో ఆల్కహాల్ చూడమని రాసినప్పుడు కూడా స్పిరిట్ దూదితోనే చెయ్యి తుడుస్తారు. తాగింది తేలాల్సిన పరీక్షకి మనమే తాగించినట్టు. మేము సబ్బు నీళ్ళతో తుడిచి, ఫ్లోరైడ్ కలిపిన సీసాలో నిండుగా పోసి, మూత బిగించి పంపేవాళ్ళం.

ఇక మూత్రం. సీసా ఇచ్చి బాత్రూముకి పంపి, తిరిగి రాగానే అడుగు పట్టుకుని చూసేవాళ్ళం, వెచ్చగా ఉందా లేదా అని. చల్లగా ఉంటే అది కుళాయి నీళ్ళైనా కావాలి, జేబులో తెచ్చుకున్న తమ్ముడి మూత్రమైనా కావాలి. ఇప్పుడు కొలత దొరికింది: పోసిన నాలుగు నిమిషాల్లోపు 32 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి, క్రియాటినిన్ డెసిలీటరుకి 20 మిల్లీగ్రాముల కంటే తగ్గితే నీళ్ళు కలిపారని అనుమానించాలి. సీసా పక్కనే ఉష్ణోగ్రత పట్టీ అతికించి వస్తుంది. అది చదివి టైము రాసేవాడే లేడు. సీసా గంటసేపు కిటికీ మీద కూర్చుంటుంది, అప్పుడు అన్ని మూత్రాలూ ఒకే చల్లదనం.

టైము అన్నాను కదా, నా కోపమంతా అక్కడే ఉంది. అడ్మిట్ కాగానే వణుకు తగ్గడానికి పేషెంటుకి లిబ్రియమో డయజెపామో ఇస్తారు. సాయంత్రం తీరిగ్గా మూత్రం తీసి మత్తుమందుల పరీక్ష కార్డు మీద పోస్తే బెంజోడయజెపైన్ గడిలో గీత రాదు. ఆ కార్డులో గీత రాకపోతేనే "పాజిటివ్". అప్పుడు ఆ తల్లి నెత్తి కొట్టుకుని, "మావాడు మందుతోపాటు బిళ్ళలు కూడా మింగుతున్నాడా సారూ?" అని ఏడుస్తుంది. ఆ బిళ్ళ మింగించింది మన వార్డే తల్లీ! మూత్రం మొదటి డోసుకి ముందు తీశారా, తర్వాత తీశారా అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు. ఆ కార్డు చెప్పేది ఉజ్జాయింపే. దగ్గు మందులో కోడీన్ ఉన్నా, కూరలో గసగసాలు దండిగా పడినా నల్లమందు గడిలో గీత రాకపోవచ్చు. పెద్ద ల్యాబులో ఇంకో పద్ధతిలో ధ్రువపరచేదాకా అది అనుమానమే తప్ప తీర్పు కాదు.

కల్లు పేషెంట్ల కథ మా తెలంగాణ వార్డుల్లో వేరే. చాలాచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, ఆల్ప్రజోలామ్ కలిపి అమ్మారు. కల్లు మానేసినవాడికి తాటిచెట్టు కాదు, ఆ కలిపిన మత్తుమందు వదిలిపోవడం వల్ల ఫిట్స్ వచ్చేవి. బెనిడిక్ట్ ద్రావణంతో మూత్రం కాస్తే రంగు మారేది. షుగర్ ఉందేమోనని రక్తం చూస్తే మామూలుగా ఉండేది. క్లోరల్ హైడ్రేట్ శరీరంలో విరిగి మూత్రంలోకి వచ్చే పదార్థం కూడా ఆ ద్రావణంలోని రాగిని షుగర్‌లాగే మోసగిస్తుంది. అనుమానం వస్తే ఫ్యుజివారా పరీక్ష ఉండనే ఉంది. మూత్రంలో కాస్టిక్ సోడా, పిరిడిన్ పోసి మరుగుతున్న నీళ్ళలో పెడితే, పైకి తేలిన పిరిడిన్ పొర ఎర్రబారుతుంది. ఆ పిరిడిన్ కంపు తలంటుకున్నా పోదు, ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళు కాదు. 2015లో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం ఉన్నట్టుండి కల్లు అందక, పిచ్చిచూపులతో ఆసుపత్రులకి వచ్చారు. అప్పటికి నా సర్వీసు చివరికొచ్చింది. కొత్త కార్డులు వచ్చేశాయి. ఆ కార్డుల మీద క్లోరల్ హైడ్రేట్‌కి గడి లేదు. గడి లేనిదాన్ని కార్డు పట్టుకోదు. ఉన్న గడులన్నిటిలో గీతలు వచ్చాయి కాబట్టి "నెగటివ్". మనిషి మాత్రం మంచం విరిగేలా కొట్టుకుంటున్నాడు. "ఏం తాగినవే, ఎన్నడు తాగినవే?" అని అడిగితే, "నిన్న పొద్దుగాల మూడు సీసాలు కల్లు తాగిన సారూ, గింతే" అని వాళ్ళే చెబుతారు. అడగాలి, చెప్పింది రాయాలి.

మా రిక్విజిషన్ కాగితం చింపిరిదైనా, "ఆఖరున ఏం, ఎప్పుడు, ఎంత" అన్న వరుస ఖాళీగా ఉంటే శాంపిల్ తీసుకునేవాళ్ళం కాదు. 1995 జనవరిలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాక ఆ వరుస నింపడం నరకమైంది. తాగానని ఒప్పుకుంటే పోలీసులొస్తారని భయం. అయినా మంచం పక్కన కూర్చుని, పొలం సంగతులు, పిల్లల పెళ్ళిళ్ళ సంగతులు మాట్లాడి రాబట్టేవాళ్ళం. ఇప్పుడు కంప్యూటర్లో ఆ గడి ఉంది. అందులో చుక్క పెట్టి ముందుకెళ్ళిపోతారు, ఎందుకంటే ఖాళీ వదిలితే తెర ఒప్పుకోదట.

గుట్టు విషయంలో మాత్రం కొత్త రోజులకే నా ఓటు. మా రోజుల్లో మంచం చీటీ మీద ఎర్ర అక్షరాలతో "తాగుబోతు" అని అర్థమయ్యేలా రాసేవారు. హెచ్‌ఐవీ వచ్చిన కొత్తలో రిపోర్టు వార్డంతా తిరిగాకే మనిషికి చేరేది. ఇప్పుడు హెచ్‌ఐవీ చట్టం, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రెండూ 2017లోనే వచ్చి, ఒప్పుకోలు లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదనీ, రోగి వివరాలు బయటపెట్టకూడదనీ కట్టడి చేశాయి. బాగుంది. కానీ ఆ రిపోర్టు ఫోటో తీసి బావమరిది వాట్సాప్‌కి పంపే వార్డుబాయ్‌ని ఆ చట్టం ఎప్పుడు పట్టుకుంటుందో?

కుర్రాళ్ళని తిడుతున్నానని వాళ్ళ మీద కోపమనుకోకండి. ఒక్కడికి మూడు వార్డులు అప్పజెప్పి, గంటకిన్ని శాంపిల్స్ అని లెక్కగడితే వాడు మాత్రం మంచం పక్కన ఎప్పుడు కూర్చుంటాడు? కూర్చునేంత తీరిక ఇవ్వాల్సింది పైవాళ్ళు.

మీ ఇంట్లో ఎవరినైనా మాన్పించడానికి తీసుకెళ్తే, అతని గదిలో దొరికిన మాత్రల అట్టలు, తాగిన సీసాల లేబుళ్ళు ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళండి. ఆఖరిసారి ఏం తీసుకున్నాడో, ఎన్ని గంటలకో ఒక కాగితం మీద రాసి, రక్తం తీయడానికి వచ్చిన అబ్బాయి చేతిలో పెట్టండి. వాడు లేబుల్ రాసేదాకా మంచం పక్కనుంచి కదలనివ్వకండి.