థానోస్‌కి ఓటేసిన మిర్చి రైతు

మా ఇంట్లో సినిమా అంటే ముగ్గురు చూడటం, ఒకడు ఉపన్యాసం ఇవ్వటం. ఆ ఒకణ్ణి నేనే. తెర మీద ఎవడైనా బిగుతు లాగూ తొడుక్కుని గాల్లోకి లేచాడంటే చాలు, "చూశారా, ఇందులో రాజకీయం ఉంది" అని అందుకుంటాను. మావాడు రిమోటు తీసుకుని సౌండు పెంచుతాడు. మీ ఇంట్లోనూ ఇదే వరస అయ్యుంటుంది, దాచకండి.

2024 సంక్రాంతికి 'గుంటూరు కారం', 'హనుమాన్' రెండూ ఒకే రోజు, జనవరి 12న దిగాయి. చిలకలూరిపేట పక్కన పుట్టి, కల్లాల్లో తుమ్ముతూ పెరిగినవాణ్ణి. నా ఓటు ఎటో చెప్పాలా? మన మిర్చి తెరకెక్కిందర్రా, మన గోడు వినిపిస్తారర్రా అని ఊదరగొట్టి అందర్నీ తీసుకెళ్ళాను. మిర్చి ఉంది, మహేష్‌బాబు ఉన్నాడు, కథ మాత్రం తల్లీకొడుకుల తగువు. క్వింటా ఎంత పలికిందని ఒక్కడు అడిగితే ఒట్టు. "తేజా రకం రేటు ఇంటర్వెల్ తర్వాత చెప్తారా నాన్నా?" అంది మా అమ్మాయి, పాప్‌కార్న్ నా డబ్బుతోనే కొనుక్కుని.

'హనుమాన్'కి నన్ను వాళ్ళు తీసుకెళ్ళారు. అందులో విలన్ మైకేల్ పసితనంలోనే కన్నవాళ్ళని చంపేస్తాడు. ఎందుకయ్యా అంటే, సూపర్ హీరోలకి తల్లిదండ్రులు ఉండరట! నిజమే మరి. బ్యాట్‌మేన్ వాళ్ళు పోయారు, సూపర్‌మేన్ వాళ్ళు గ్రహంతో సహా పోయారు. మావాడు నోరు తెరుచుకుని చూస్తుంటే, నేను తెర వదిలేసి వాడి మొహం చూస్తూ కూచున్నాను.

ఇంటికొచ్చి నీతి చెప్పాను. "మేలు చెయ్యాలనుకోవటం వేరురా, మేలు చేసినవాడు అనిపించుకోవాలనుకోవటం వేరు. మైకేల్‌ది రెండోది."

"గుడికి ఫ్యాను ఇచ్చి రెక్కల మీద నీ పేరు రాయించావే, అదా నాన్నా?"

ఫ్యాను తిరిగేటప్పుడు పేరు కనపడదని నేను పడ్డ బాధ ఈ వెధవకి ఎలా తెలిసిందో!

పోయిన పరువు దక్కించుకుందామని మన పల్నాటి హనుమంతుణ్ణి దింపాను. కన్నెగంటి హనుమంతు. అడవిలో పశువుల్ని మేపుకుంటే పుల్లరి కట్టమన్న తెల్లవాళ్ళకి ఎదురు తిరిగి, 1922 ఫిబ్రవరిలో తూటాలకి బలైపోయాడు.

"ఆయనకి ఏం పవర్స్ ఉండేవి?"

"ఏమీ లేవు. పన్ను కట్టనన్నాడు, అంతే."

మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది: "అలాంటి సినిమా వస్తే నువ్వు మళ్ళీ గుంటూరు కారానికే తీసుకెళ్తావు."

నా సిద్ధాంతం ఒకటుంది, వినండి. మా ఇంట్లో ఎవరూ పూర్తిగా విన్లేదు. అమెరికా హీరోలకి పథకం ఉండదు. ఉన్నది ఉన్నట్టు కాపాడటమే వాళ్ళ పని. బ్యాంకు దోచినవాణ్ణి పట్టుకుని సొమ్ము బ్యాంకుకే ఇస్తారు, ఆ బ్యాంకు ఎవరి బంగారం వేలం వేసిందో అడగరు. లోకాన్ని మార్చాలన్న పట్టుదల, పాపం, విలన్‌కే. మన ఎన్టీఆర్ అలా కాదు. 1980లో 'సూపర్ మేన్'గా ఎగిరారు, 1982లో పార్టీ పెట్టారు, 1983లో ముఖ్యమంత్రి అయి రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చారు. అవతల సూపర్‌మేన్ 1938 నుంచీ ఎగురుతున్నాడు, ఒక్క రేషన్ కార్డు ఇచ్చిన పాపాన పోలేదు.

"ఆ బియ్యం క్యూలో ఎండలో నిలబడింది మా అమ్మండీ" అంది మా ఆవిడ. హీరోల లెక్కలో వాళ్ళమ్మని కలపలేదని ఆమె కోపం.

ఇక థానోస్. 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' తెలుగులో ఆయనకి గొంతిచ్చింది మన రానానే, అందుకే మాట సూటిగా గుండెలోకి దిగింది. వనరులు తక్కువ, నోళ్ళు ఎక్కువ, చిటికె వేసి సగం మందిని మాయం చేస్తే మిగతావాళ్ళు సుఖపడతారంటాడు. పైగా పేదా గొప్పా తేడా లేదు, లాటరీ. పిల్లలు ఛీ అన్నారు. నేను మిర్చి రైతుని, ఛీ అనలేకపోయాను. 2021లో నల్ల తామర పురుగు మన తోటల్ని ఊడ్చేసింది గుర్తుందా? కాయ దక్కినవాడికి మంచి ధర పలికింది. ఆ ధర చూసి జనం మళ్ళీ మిర్చి మీద పడ్డారు. చివరికి ధర పడిపోయి, 2025 ఫిబ్రవరిలో క్వింటాకి 11,781 రూపాయల ధర కేంద్రం ప్రకటించాల్సి వచ్చింది. మరి చిటికె వేసేవాడు ఉండాలా వద్దా?

"సగం మంది పోతే మిర్చి కొనేవాళ్ళూ సగమే కదండీ?" అంది మా ఆవిడ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

నిజంగానే ఆ లెక్క నాకు తట్టలేదు. అయినా సిద్ధాంతం వదల్లేదు. రచ్చబండ దగ్గర కూచుని, ఈ ఏడు అందరం సాగు సగానికి కోసుకుందాం, ధర దానంతటదే లేస్తుంది అని దంచాను. తలలూగాయి. ఇంతమంది తగ్గిస్తున్నారు కదా, ఇదే అదనని నా నాలుగెకరాలకీ నారు చెప్పటానికి తెల్లారకుండా నర్సరీకి వెళ్ళాను. అక్కడ వరసలో నా ముందు నిలబడ్డవాళ్ళంతా రచ్చబండ దగ్గర గట్టిగా తలలూపినవాళ్ళే. ఒకరి మొహం ఒకరం చూసుకోలేక వర్షాల గురించి మాట్లాడుకున్నాం.

అడ్వాన్సు రసీదు చొక్కా జేబులో మా ఆవిడకి దొరికింది. ఉతికే ముందు జేబులు చూసే ఆడవాళ్ళ ముందు ఏ సిద్ధాంతం నిలుస్తుంది చెప్పండి!

"థానోస్ తన సిద్ధాంతం కోసం కన్నకూతురిలా పెంచుకున్న పిల్లనే వదులుకున్నాడు. మీరు అరెకరం వదల్లేకపోయారా?"

అంటే సినిమా శ్రద్ధగా చూసింది నేను కాదు, ఆవిడ. నేను మాట్లాడుతూ ఉన్నాను.

ఆ రాత్రే మా ఇంట్లో ఒప్పందం తయారైంది. 'సివిల్ వార్' సినిమాలో వంద పైచిలుకు దేశాలు కలిసి హీరోలకి పెట్టాయే, అనుమతి లేనిదే చెయ్యెత్తకూడదని, అలాంటిదే. ఏ పంట ఎన్నెకరాలో ఆవిడ చెప్పాలి. అడ్వాన్సులు, హామీ సంతకాలు, గుడికి ఫ్యాన్లు ఆవిణ్ణి అడక్కుండా కుదరవు. రెండెకరాలే మిర్చి, మిగతాది పత్తి. గులాబీ రంగు పురుగు వస్తుందన్నాను. మీకంటే నయమంది.

కెప్టెన్ అమెరికా అలాంటి కాగితం మీద సంతకం పెట్టలేదని, మనిషికి అంతరాత్మే పెద్దదని నిలబడి మరీ వాదించాను.

"ఆయనకి పంట రుణం లేదు" అంది.

పెట్టాను. సాక్షి సంతకం మావాడిది. ఐరన్‌మేన్ అని చేశాడు.