రంగు లేని తీర్పరి

ఒంటిమీద చిటికెడు రంగైనా లేని నన్ను తెచ్చి రంగుల పంచాయితీలో కూర్చోబెట్టారు. నేను గ్రే స్కేలు అట్టను. ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే ఒక ఇంట్లో ఉంటాను. 2022లో మా ఊరు కొత్త జిల్లాలోకి వెళ్లింది గానీ, అనంతపురం ఎండా, నీళ్ల కరువూ మా వెంటే వచ్చాయి.

నా మీద అర నంబర్లతో కలిపి తొమ్మిది జతల బూడిద ముక్కలుంటాయి. 5వ నంబరు జతలో రెండూ ఒకటే, తేడా సున్నా. 4కు వస్తే 1.7, 3కు 3.4, అట్లా 1కి దిగేసరికి 13.6. కొత్త చిలపనూ పాత నమూనానూ పక్కపక్కన పెట్టి, వాటి తేడా నా ఏ జతలో తేడాకు సరిపోతుందో చూసుకోవాలి. అది ఎరుపా, నీలమా అన్నది నాకక్కర్లేదు.

"నలభై ఏండ్ల కన్ను నాది, ఈ అట్టముక్క చెప్పాల్నా?" అని మొదట్లో మేస్త్రి నవ్వేవాడు. ఒక ఎండాకాలం బోరు ఎండి, వేరే చోటి నుంచి ట్యాంకరు నీళ్లు తెప్పించారు. అదే పొడి, అదే తూకం, అదే మంట. చిలపలు మాత్రం మసకేసినట్టు తేలాయి. పక్కన పెట్టి చూస్తే నేను 3 అన్నాను. ఆయన తొట్టిలో నీళ్లు వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పు నీళ్లప్పా ఇవి!" సున్నం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లు రంగును తేటగా పట్టనీయవు. ఆ రోజు నుంచి ప్రతి లాటుకూ నన్ను పిలిచాడు. పట్టపగలు, నీడపట్టున, ఉత్తరం వెలుతురులోనే చూసేవాడు. ట్యూబులైటు కింద కవలల్లా కనబడిన రెండు రంగులు బయటికి రాగానే విడిపోవచ్చు మరి. చీరను అంగడి గడప దాటించి చూసే ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పలేదు.

నెమలికంఠం ముందు మాత్రం నేను చేతులెత్తేస్తాను. పడుగొక రంగు, పేకొక రంగు. మడత తిప్పితే నీలం కాస్తా పచ్చన. దానికేమని నంబరు వేసేది?

మేస్త్రి ఉన్నన్నాళ్లూ నన్ను కవరులో, చీకటి పెట్టెలో దాచాడు. ముక్కలకు వేలు తగలనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక పద్దుల పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నారు. తర్వాత కిటికీ గూట్లో పడేశారు. సగం మీద కరెంటు బిల్లు, సగం మీద ఎండ. ఒకరోజు 4వ జత మీద టీ గ్లాసు పెట్టారు, ఆ వలయం ఇంకా ఉంది. ఇప్పుడు నమూనాలు ఫోన్లో వస్తున్నాయి. షావుకారు ఫోటో పంపుతాడు, వీళ్లు అద్దుతారు, చీర తిరిగొస్తుంది. "ఫోటోలో ఇట్ల లేదే!" ఏ ఫోను చూపే రంగు దానిదే. ఆ కేకలన్నీ నాకు వినబడుతూనే ఉంటాయి, నన్ను మాత్రం ఎవరూ పిలవరు.

మొన్న మేస్త్రి మనవరాలు నన్ను గూట్లోంచి లాగి దుమ్ము ఊదింది. 5వ జత మీద వేలు పెట్టి అడిగింది.

"అవ్వా, ఈ రెండూ ఒకటే కదా?"

ముసలామె అద్దాలు సవరించుకుని, నన్ను వెలుతురుకు తిప్పి చూసింది.

"కాదే. ఈ పక్కది పసుపు తిరిగింది చూడు."